సభలో మన చోటు

అక్కల్లారా! గ్రామసభ ఉందని ఊళ్ళో దండోరా వేస్తారు. "మగాళ్ళు పోతారులే, మనకెందుకు?" అనుకుంటాం. ఈ పాఠం చదివి, ఆ మాట సరైనదేనా చెప్పండి.

గ్రీసు దేశంలో ఏథెన్స్ అనే పట్నం ఉంది. సుమారు 2,500 ఏళ్ళ కిందట అక్కడి జనం రాజు లేకుండా తమను తామే పాలించుకున్నారు. వేలమంది ఒక గుట్ట మీద కూడేవారు. యుద్ధం చేయాలా, వద్దా? అక్కడే తేల్చేవారు. చెయ్యెత్తితే ఓటు. పేదవాడి చెయ్యి, ఉన్నవాడి చెయ్యి ఒకటే లెక్క. ఇదే ప్రజాస్వామ్యం. అంటే ప్రజల పాలన.

ఇంకో రకం ఓటు కూడా ఉండేది. ఊరికి ముప్పు అనుకున్న పెద్దమనిషి పేరు కుండపెంకు మీద రాసి వేసేవారు. ఎక్కువ పెంకులు ఎవరి పేరున పడితే అతను పదేళ్ళు ఊరు విడిచి పోవాలి. తవ్వకాల్లో ఒక బావిలో సుమారు 190 పెంకులు దొరికాయి. అన్నిటి మీదా ఒకే పేరు. రాసింది మాత్రం కొద్దిమందే. జనానికి పంచడానికి ముందే రాసి పెట్టారని పండితులు అంటారు. చదువు రానివాడికి తన చేతిలో పెంకు మీద ఏముందో ఎలా తెలుస్తుంది?

ఆ సభలో ఆడవాళ్ళకు చోటు లేదు. బానిసలకూ లేదు. సగం ఊరు బయటే!

మన సంగతి చూడండి. మనకు దగ్గరలోనే దూబగుంట ఉంది. 1991లో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. దూబగుంట ఆడవాళ్ళు రాత్రిబడిలో చదివారు. కష్టసుఖాలు మాట్లాడుకున్నారు. రోశమ్మ లాంటివాళ్ళు ముందు నిలిచారు. అందరూ కలిసి సారాయి అంగడి మూయించారు. 1992లో ఆ పోరాటం జిల్లా అంతా పాకింది. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతా సారాయిని నిషేధించారు.

1993లో వచ్చిన చట్టంతో పంచాయతీల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్ళవి అయ్యాయి. 2011లో మన రాష్ట్రం సగం చేసింది. ఊళ్ళో ఓటున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యులే. పంచాయతీ లెక్కలు సభ ముందు పెట్టాలి. మనం పోకపోతే, ఏథెన్స్ ఆడవాళ్ళలాగా మనమూ బయటే ఉన్నట్టు.

సభకు పోండి. కాగితం ఇస్తే చదివి సంతకం పెట్టండి. చదవకుండా పెట్టిన సంతకం, ఇంకొకరు రాసిన పెంకు లాంటిదే.

ఆలోచించండి – మాట్లాడండి:
1. కిందటి గ్రామసభకు మీలో ఎందరు పోయారు?
2. వచ్చే సభలో మీరు అడగాల్సిన మాట ఏది? పలక మీద రాయండి.