పట్టా ఒకటి, ద్వారాలు అనేకం: పుదుచ్చేరిలో వైద్య జీవశాస్త్ర విద్య

పుదుచ్చేరి పేరు చెప్పగానే ఫ్రెంచివారి కాలంనాటి వీధులు, అరవిందాశ్రమం, బంగాళాఖాతపు ఒడ్డు గుర్తుకు వస్తాయి. పట్టణం నడిబొడ్డు నుండి గోరిమేడు వైపు సాగినవారికి మరొక పుదుచ్చేరి కనిపిస్తుంది. జిప్మర్ అనే సంక్షిప్త నామంతో ప్రసిద్ధి చెందిన జవహర్‌లాల్ స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థ అక్కడ ఉన్నది. దానికి సమీపాన ఇందిరానగర్‌లో భారత వైద్య పరిశోధన మండలికి చెందిన రోగవాహక కీటక నియంత్రణ పరిశోధన కేంద్రం పనిచేస్తున్నది. తీరం వెంబడి ఉత్తరంగా వెళ్ళితే కాలాపేటలో పాండిచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నది. పెద్ద వైద్యశాల, పరిశోధన కేంద్రం, విశ్వవిద్యాలయం ఇంత చేరువలో ఉండడం ఈ పట్టణపు విశేషం.

ఈ ప్రాంగణాలలో వైద్యులు కాగోరేవారితో పాటు మరొక తరగతి విద్యార్థులు కూడా చదువుతున్నారు. జీవరసాయన శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం, జీవసాంకేతిక శాస్త్రం, కీటక శాస్త్రం, ప్రజారోగ్యం మొదలైన విషయాలలో ఎం.ఎస్‌సి., పిహెచ్.డి. పట్టాలకు కృషి చేసే వారు వీరు. వీరు రోగులకు చికిత్స చేయరు. కాని చికిత్సకు ఆధారమైన జ్ఞానం చాలవరకు వీరి ప్రయోగశాలల నుండే వస్తుంది. వైద్య పట్టభద్రుని భవిష్యత్తు ఎలా ఉంటుందో అతని కుటుంబానికి తెలుసు. వైద్య జీవశాస్త్ర విద్యార్థి మాత్రం పట్టా తర్వాత ఏమి చేయాలన్న ప్రశ్నకు సమాధానం తానే వెదకుకోవలసి వస్తున్నది. ఆ సమాధానాన్ని పట్టా చేతికి వచ్చాక కాక, ప్రాంగణంలో ఉన్న కాలంలోనే వెదకడం అవసరం. ఇందుకు పుదుచ్చేరి అనుభవం చక్కని పాఠం.

రెండు శతాబ్దాల సంప్రదాయం

పుదుచ్చేరిలో ఆధునిక వైద్య విద్య 1823లో ఆరంభమైంది. ఫ్రెంచి పాలకులు ఆ సంవత్సరం ఇక్కడ ఒక వైద్య పాఠశాలను నెలకొల్పారు. 1954లో ఫ్రెంచి పాలన ముగిసి ఈ ప్రాంతం భారతదేశంలో భాగమైన పిమ్మట, 1956లో ధన్వంతరి వైద్య కళాశాలకు శంకుస్థాపన జరిగింది. 1964లో దానిని స్నాతకోత్తర సంస్థ స్థాయికి పెంచి జవహర్‌లాల్ నెహ్రూ పేరు పెట్టారు. 2008లో పార్లమెంటు చట్టం ద్వారా ఇది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయినది. రోగవాహక కీటక నియంత్రణ పరిశోధన కేంద్రం 1975లోను, పాండిచ్చేరి విశ్వవిద్యాలయం 1985లోను ఏర్పడ్డాయి. దోమల ద్వారా వ్యాపించే వ్యాధులను అధ్యయనం చేసేవారికి ఈ పరిశోధన కేంద్రంలో ప్రజారోగ్య కీటక శాస్త్రంలో ఎం.ఎస్‌సి. శిక్షణ లభిస్తున్నది.

ఈ విధంగా వైద్యశాల రోగిని చూపిస్తుంది, పరిశోధన కేంద్రం రోగకారణాన్ని చూపిస్తుంది, విశ్వవిద్యాలయం మూలశాస్త్రాన్ని బోధిస్తుంది. ఒక విద్యార్థి ఒకే సంస్థలో నమోదైనప్పటికీ మిగిలిన రెండింటిలో జరిగే ఉపన్యాసాలను, సదస్సులను గమనిస్తూ ఉంటే అతని విద్య మూడింతలవుతుంది.

ఒక ద్వారం మూసుకొన్నప్పుడు

చిరకాలం వరకు వైద్య జీవశాస్త్ర పట్టభద్రుల దృష్టి వైద్య కళాశాలలో అధ్యాపక పదవి మీదనే నిలిచి ఉండేది. వైద్య పట్టా లేనివారిని కొన్ని విభాగాలలో అధ్యాపకులుగా నియమించుటకు పూర్వపు భారత వైద్య మండలి నిబంధనలు అనుమతించాయి. శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం వంటి విభాగాలలో వారి వాటా 30 శాతం వరకు, జీవరసాయన శాస్త్రంలో 50 శాతం వరకు ఉండవచ్చునన్నది నియమం. 2020లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించిన ప్రమాణాలలో ఈ వాటా 15 శాతానికి తగ్గింది. సూక్ష్మజీవ శాస్త్రం, ఔషధ శాస్త్రం విభాగాలలో ఆ అవకాశమే లేకుండా పోయింది. 2025లో వచ్చిన అధ్యాపక అర్హతల నిబంధనలు ఎం.ఎస్‌సి., పిహెచ్.డి. పట్టాలు గలవారికి ఆ రెండు విభాగాలను మరల తెరిచాయి.

ఈ అయిదేళ్ళ పరిణామం నుండి గ్రహించవలసినది ఉన్నది. ఒకే ఉద్యోగాన్ని లక్ష్యంగా పెట్టుకొని పదేళ్ళు చదివిన వ్యక్తి, ఒక్క నిబంధన మారగానే దారి తోచక నిలబడవలసి వస్తుంది. నిబంధనలు మారుతూనే ఉంటాయి. పలు మార్గాలకు పనికివచ్చే నైపుణ్యాన్ని సంపాదించుకొన్నవారికి మాత్రం ఆ మార్పు వల్ల కలిగే నష్టం స్వల్పం.

ఇతర దేశాలలోనూ ఈ సమస్య ఉన్నది. పిహెచ్.డి. పొందినవారందరికీ విశ్వవిద్యాలయాలలో స్థానం లభించడం లేదని గుర్తించి, అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలు 2013లో ఒక ప్రత్యేక పథకాన్ని ప్రారంభించాయి. బోధన, పరిశోధనలకు వెలుపల ఉన్న వృత్తులను కూడ పరిశోధక విద్యార్థులకు చదువుకొనే కాలంలోనే పరిచయం చేయడం దాని ఆశయం. ఆ పథకం కింద 17 సంస్థలకు సహాయం అందింది. భారతదేశపు పరిస్థితులు వేరైనప్పటికీ ఆ ఆలోచన ఇక్కడికీ వర్తిస్తుంది.

బోదకాలు వ్యాధి చూపిన మార్గం

ప్రయోగశాల వెలుపల శాస్త్రజ్ఞునికి ఎంతటి పని ఉన్నదో పుదుచ్చేరిలో జరిగిన బోదకాలు నియంత్రణ కృషి నిరూపించింది. ఫైలేరియా క్రిములు మనిషి శోషరస నాళాలలో నివసిస్తాయి. వాటి పిల్లలు రక్తంలో రాత్రివేళ అధికంగా సంచరిస్తాయి. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమలు వాటిని ఒకరి నుండి మరొకరికి చేరవేస్తాయి. 1981 నుండి 1985 వరకు, అయిదేళ్ళపాటు, పుదుచ్చేరి పట్టణంలో పరిశోధన కేంద్రం ఒక ప్రదర్శన పథకాన్ని అమలు జరిపింది. కేవలం కీటకనాశక మందుల మీద ఆధారపడకుండా మురుగుకాలువలను బాగుచేయడం, నీరు నిలువకుండా చూడడం, దోమ పిల్లలను తినే చేపలను వదలడం, ప్రజల సహకారాన్ని పొందడం అనే పద్ధతులను అది సమన్వయపరిచింది. ఆ కేంద్రానికి ప్రథమ సంచాలకులైన డాక్టర్ పి.కె. రాజగోపాలన్ ఈ కృషికి నాయకత్వం వహించారు. 1986 నుండి కేరళలోని చేర్తలలో మరొక జాతి దోమల నివారణకు ఇదే కేంద్రం పూనుకొన్నది. చెరువులలోని నీటిమొక్కలను తొలగించి, చేపల పెంపకాన్ని ప్రోత్సహించి, గ్రామస్థులకు ఆదాయంతో పాటు ఆరోగ్యాన్నీ చేకూర్చడం అక్కడి పద్ధతి.

ఇటువంటి పథకానికి ఎందరు కావాలి? దోమ జాతులను గుర్తించే కీటక శాస్త్రజ్ఞుడు కావాలి. రాత్రివేళ ఇంటింటికీ వెళ్ళి రక్తపు చుక్క సేకరించి సూక్ష్మదర్శినిలో పరీక్షించేవారు కావాలి. అంకెలను విశ్లేషించే గణాంక శాస్త్రజ్ఞుడు, పురపాలక సంఘానికి అర్థమయ్యే రీతిలో నివేదిక వ్రాయగలవాడు, ప్రజలతో మాట్లాడగలవాడు కావాలి. వీటిలో ప్రతి ఒక్కటీ ఒక వృత్తియే.

ప్రయోగశాలలో పుట్టిన ఫలితం పరిశ్రమకు చేరడానికీ ఈ కేంద్రంలో ఉదాహరణ ఉన్నది. దోమ పిల్లలను చంపే ఒక రకపు బాక్టీరియాను ఇక్కడి శాస్త్రజ్ఞులు వేరుచేశారు. దానికి బి-17 అని పేరు. ఆ బాక్టీరియాతో మందు తయారుచేసే విధానాన్ని పలు సంస్థలకు అందజేశారు. 2022లో మరొక ఫలితం వెలువడింది. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం నుండి వోల్బాకియా అనే బాక్టీరియా గల దోమ గుడ్లను తెప్పించి, స్థానిక ఈడిస్ దోమలతో సంకరపరచి, డెంగీ, చికున్‌గున్యా వైరస్‌ల వ్యాప్తిని తగ్గించగల దోమలను రూపొందించినట్లు కేంద్రం ప్రకటించింది. ఒక ఆవిష్కరణ ప్రజల ఇంటికి చేరేలోపు అనుమతులు, భద్రతా పరీక్షలు, హక్కుల పత్రాలు, ఉత్పత్తి ప్రమాణాలు అనే దశలు దాటవలసి ఉన్నది. ప్రతి దశలోనూ శాస్త్రం తెలిసినవారికి స్థానమున్నది.

సుబ్బారావు జీవితం ఇచ్చే సందేశం

బోదకాలు చరిత్రలో ఒక తెలుగువాని పేరు చిరస్థాయిగా నిలిచి ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివాడు. గాంధీజీ పిలుపును అనుసరించి ఖాదీ ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురియై, పూర్తి వైద్య పట్టాకు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసి వచ్చింది. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు. 1923లో అమెరికా చేరి, వైద్యశాలలో రాత్రివేళ చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డులో ఉష్ణమండల వైద్యం అభ్యసించాడు. అనంతరం జీవరసాయన శాస్త్రం వైపు మళ్ళాడు. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వెలువరించాడు. 1930లో పిహెచ్.డి. పొందాడు. అయినా హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి ఆయనకు లభించలేదు.

1940లో ఆయన లెడర్లీ అనే ఔషధ సంస్థ పరిశోధన విభాగంలో చేరాడు. ఆయన మార్గదర్శకత్వంలో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. 1947లో బోదకాలుకు డైఇథైల్ కార్బమజైన్ అనే మందు వెలువడింది. భారత ప్రభుత్వం 1955లో ప్రారంభించిన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమంలో ఈ మందుకు ముఖ్యస్థానం లభించింది. నేటికీ ఏటా లక్షలాది మందికి దానిని పంచుతున్నారు. ఒక ద్వారం మూసుకొన్నప్పుడు సుబ్బారావు తన శాస్త్రాన్ని విడువలేదు. ఆ శాస్త్రం పనికివచ్చే మరొక స్థానాన్ని వెదకుకొన్నాడు. విద్యార్థులు గ్రహించవలసిన రహస్యం ఇదే.

ప్రాంగణంలోనే సిద్ధపడాలి

పరిశోధక విద్యార్థికి కాలమే మూలధనం. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి కనీస కాలం మూడేళ్ళు, సాధారణ గరిష్ఠ కాలం ఆరేళ్ళు. జాతీయ అర్హత పరీక్షలో నెగ్గి జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ పొందినవారికి 2023 జనవరి నుండి నెలకు రూ. 37,000, సీనియర్ దశలో రూ. 42,000 చొప్పున భృతి నిర్ణయమైంది. ఫెలోషిప్ మొత్తం కాలం అయిదేళ్ళకు మించదు. కాబట్టి భృతి ఆగకముందే భవిష్యత్తుకు బాట వేసుకోవలసి ఉంటుంది.

మొదటి సంవత్సరంలో గణాంక శాస్త్రం, పరిశోధన నీతి, గ్రంథాలయ వినియోగం క్షుణ్ణంగా నేర్చుకోవాలి. పరిశోధన, ప్రచురణ నీతిని గురించిన పాఠ్యాంశం పిహెచ్.డి. విద్యార్థులందరికీ తప్పనిసరి. దానిని హాజరు కోసం కాక ఆచరణ కోసం చదవాలి. రెండవ సంవత్సరంలో కింది తరగతులకు ప్రయోగాలు చూపించడం, వారవారం జరిగే పత్ర సమీక్షలలో మాట్లాడడం అలవరచుకోవాలి. బోధన వృత్తికి ఇంతకంటె మంచి శిక్షణ లేదు. మూడవ సంవత్సరం నుండి తన విషయానికి సంబంధించిన పరిశ్రమలను, ప్రభుత్వ ప్రయోగశాలలను, ఆరోగ్య కార్యక్రమాలను పరిశీలించి, వాటిలో పనిచేస్తున్న పూర్వ విద్యార్థులతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరపాలి.

ఔషధ పరీక్షల రంగం ప్రత్యేకంగా గమనింపదగినది. 2009 జూన్ నుండి దేశంలో ప్రతి ఔషధ పరీక్షను జాతీయ పట్టికలో ముందుగా నమోదు చేయడం తప్పనిసరి అయింది. 2019లో నూతన ఔషధాలు, పరీక్షల నియమావళి అమలులోకి వచ్చింది. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010లో ప్రారంభమైంది. నీతి సంఘపు పత్రాలు, రోగుల సమాచారం, భద్రతా నివేదికలు సక్రమంగా నిర్వహించగలవారు ఈ పనులన్నింటికీ అవసరం. పెద్ద వైద్యశాల గల ప్రాంగణంలో చదివే విద్యార్థి ఈ విధానాన్ని ప్రత్యక్షంగా చూడగలడు.

తెలుగు విద్యార్థులకు స్వప్రాంతంలోనూ అవకాశాలు కలవు. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ, 1977లో ఏర్పడిన కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఉన్నాయి. టీకాలు, ఔషధాలు తయారుచేసే పరిశ్రమలకు ఆ నగరం పెట్టింది పేరు.

భాష కూడ ఒక విద్యయే

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం ఒక చిన్న భారతదేశం. పుదుచ్చేరి, కారైకాల్‌లలో తమిళం, మాహేలో మలయాళం, గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాంలో తెలుగు ప్రజల భాషలు. జిప్మర్ శాఖ కారైకాల్‌లో 2016 నుండి వైద్య విద్యను బోధిస్తున్నది. యానాంలో ఆ సంస్థ బహుళ విభాగాల వైద్య సలహా కేంద్రం 2024లో ప్రారంభమైంది.

ఒక వ్యక్తి మీద పరిశోధన జరపాలంటే అతనికి అర్థమయ్యే భాషలో వివరించి సమ్మతి తీసుకోవాలన్నది నియమం. తమిళ గృహిణి రాత్రివేళ రక్తపు చుక్క ఇవ్వడానికి అంగీకరించాలంటే ఆ చుక్క దేనికో ఆమెకు తమిళంలోనే తెలియాలి. పుదుచ్చేరిలో చదివే తెలుగు విద్యార్థి తమిళం నేర్చుకొంటే అది మర్యాద మాత్రమే కాదు, అతని వృత్తికి అవసరమైన సాధనం. ఆ విద్యార్థియే యానాంలో పనిచేయవలసి వస్తే అతని మాతృభాష అక్కడి ప్రజలకు అండగా నిలుస్తుంది. భీమవరంలో పుట్టిన శాస్త్రజ్ఞుడు అమెరికాలో వెలువరించిన మందు తమిళ, మలయాళ, తెలుగు గృహాలన్నింటికీ చేరింది. వ్యాధికి భాషాభేదం లేదు. దానిని ఎదిరించేవారికి మాత్రం ప్రజల భాష తెలియాలి.

పట్టా అనేది విద్యకు లభించే ధ్రువపత్రం మాత్రమే. ఆ పట్టాకు విలువ కల్పించేది ప్రాంగణంలో గడిపిన సంవత్సరాలలో విద్యార్థి సంపాదించిన నైపుణ్యాలు, పరిచయాలు, ప్రజలతో మాట్లాడగల శక్తి. కళాశాలలు ఈ విషయాన్ని మొదటి సంవత్సరంలోనే విద్యార్థులకు తెలియజెప్పడం, విద్యార్థులు దానిని ఆలకించి ఆచరించడం దేశ ఆరోగ్యానికి మేలు చేకూర్చే కార్యం.