బొగ్గుపులుసు గాలిని భూమిలో దాచుట: రైతు తెలిసికొనవలసిన చట్టము

సున్నపు బట్టీ నెఱిగిన రైతునకు ఈ పాఠము కష్టము గాదు. శుద్ధమైన సున్నపురాయి 100 మణుగులు కాల్చినచో 56 మణుగుల సున్నము మిగులును. తక్కిన 44 మణుగులు బొగ్గుపులుసు గాలియై పోవును. ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతముల సిమెంటు కర్మాగారములలో జరుగునదియు నిదియే. మండెడి బొగ్గు నుండి వచ్చు గాలి దీనికి అదనము.

ఈ గాలి లోకమునకు వేడిమి పెంచుచున్నది. కావున కొన్ని దేశములవారు దానిని పట్టి, అదిమి, సుమారు 2,600 అడుగులకు దిగువనున్న గుల్లరాతి పొరలోనికి బోరు ద్వారా పంపుచున్నారు. ఆ పొరపై గాలి చొరని రాయి మూతవలె నుండవలెను. నార్వేవారు 1996లో సముద్రము క్రింద నిట్లు మొదలుపెట్టిరి. మన దేశమున నీతి ఆయోగ్ 2022లో దీనిని గూర్చి నివేదిక వెలువరించెను. పులివెందులలో నిట్టి నిల్వ లేదు. అయినను సిమెంటు బట్టీలు మన ప్రక్కనే యున్నవి; అడుగవలసిన ప్రశ్నలు ముందే తెలిసియుండుట మేలు.

మూతరాయి పగిలినను, పాత బోరు దానిని తూట్లు పొడిచినను గాలి పైకి వచ్చి నీటిలో కలియును. అప్పుడు నీరు సోడావలె పులిసి, సున్నపురాతిని కరగించి, రాతిలోని లోహములను తనలో కలుపుకొనును. మన వేంపల్లె రాతిలోనే తుమ్మలపల్లె యురేనియము గలదని మఱవరాదు. అచ్చటి గని వ్యర్థముల చెరువు వలన బోరునీరు చెడినదని చుట్టుపట్ల రైతులు మొఱపెట్టుకొనిరి. అది వేఱు పని. కాని నీటి తగవు ఏదైనను మొదటి ప్రశ్న యొక్కటే: మునుపు నీరెట్లుండెను?

అమెరికా 2010 నాటి నిబంధనలు ఈ ప్రశ్నకు చోటిచ్చినవి. గాలి పంపకమునుపే నీటిని పరీక్షింపవలెను. మూతరాతిని దాటిన పాత బోరులను వెదకి, లోపమున్నవానిని పూడ్పవలెను. పని ముగిసిన పిదప సాధారణముగా 50 ఏండ్లు కావలి కాయవలెను; అందులకు ధనము ముందే చూపవలెను. ఈ కడపటి షరతు మాకు మిక్కిలి నచ్చినది. ఐరోపావారి 2009 నాటి శాసనము, మూసిన తరువాత సాధారణముగా 20 ఏండ్లకు తక్కువ గాకుండ బాధ్యతను కంపెనీపైననే యుంచి, పిదప ప్రభుత్వమునకు బదలాయించును. ఇరువది యేండ్లు చాలునని మాకు తోచదు.

ఇక భూమి క్రింది ఖాళీ యెవరిది? అడుగు ఖనిజము సాధారణముగా భూయజమానిదేయని సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పెను. రాతిలోని ఖాళీ రంధ్రముల మాట అందు లేదు.

సభ్యులు ఇప్పుడే చేయదగిన పని యొకటి కలదు. ఎండిన బోరులతో సహా ప్రతి బోరు లోతును, వేసిన సంవత్సరమును వ్రాసికొనుడు. నీటిని పరీక్ష చేయించి, ఆ కాగితమును పట్టాదారు పాసుపుస్తకముతో కలిపి దాచుడు.