సింగిల్ పేజ్ యాప్‌లోకి స్టాటిక్ హెచ్‌టీఎంఎల్ పేజీ తేవడం ఎలా?

కర్నూలు, కడప వైపు చూడదగ్గ చోట్ల మీద నేనొక చిన్న వెబ్ యాప్ చేస్తున్నా. బెలుం గుహలు, గండికోట, యాగంటి, అహోబిలం... ఒక్కోదానికి ఒక హెచ్‌టీఎంఎల్ ఫైల్. వీటిని యాప్ లోపల చూపించడం ఎలాగో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

ముందు, ఫైల్స్ విడిగా ఎందుకు? 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా వచ్చింది. అంతకుముందు బెలుం గుహలు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు ఆ ఒక్క ఫైల్ ఎడిట్ చేస్తే చాలు, యాప్ మళ్ళీ బిల్డ్ చేయక్కర్లేదు.

స్టెప్ 1: ఫైల్ తెచ్చుకోవడం

వైట్ వాడుతుంటే పేజీలన్నీ పబ్లిక్ ఫోల్డర్‌లో పెట్టండి. బిల్డ్‌లో అవి ఉన్నవి ఉన్నట్టే కాపీ అవుతాయి. తర్వాత ఫెచ్‌తో తెచ్చుకోవాలి. ఒకటి గుర్తుపెట్టుకోండి: 404 వచ్చినా ఫెచ్ ఎర్రర్ ఇవ్వదు. రెస్పాన్స్ ఓకేనా కాదా అని మనమే చెక్ చేయాలి.

స్టెప్ 2: కావాల్సిన ముక్కే తీసుకోవడం

ఫైల్‌లో హెడ్, బాడీ అన్నీ ఉంటాయి. డామ్‌పార్సర్‌తో చదివి ఆర్టికల్ ట్యాగ్ ఒక్కటే తీసుకోండి. దీంతో ఇంకో లాభం ఉంది. చాలా సర్వర్లు లేని అడ్రస్ అడిగితే 404 బదులు మన ఇండెక్స్ పేజీనే 200తో పంపిస్తాయి. చెక్ చేయకపోతే యాప్ లోపల యాప్ కనిపిస్తుంది! ఆర్టికల్ ట్యాగ్ లేకపోతే "పేజీ దొరకలేదు" అని చూపించండి.

స్టెప్ 3: పేజీలో పెట్టడం

మామూలు జావాస్క్రిప్ట్‌లో ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్, వ్యూలో వీ-హెచ్‌టీఎంఎల్, రియాక్ట్‌లో డేంజరస్లీసెట్‌ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్. ఆ పేరులోనే హెచ్చరిక ఉంది. ఇలా పెట్టిన స్క్రిప్ట్ ట్యాగ్‌లు రన్ కావు గానీ, ఇమేజ్ ట్యాగ్‌లో ఆన్‌ఎర్రర్ కోడ్ ఉంటే అది రన్ అవుతుంది. బయటివాళ్ళు రాసిన కంటెంట్ అయితే డామ్‌ప్యూరిఫైతో శుభ్రం చేశాకే పెట్టండి.

ఫొటోలు రావట్లేదా? పాత్ చూడండి. రిలేటివ్ పాత్‌ను బ్రౌజర్ ఆ ఫైల్ ఉన్న చోటు నుంచి కాదు, అడ్రస్ బార్‌లో ఉన్న అడ్రస్ నుంచి లెక్కేస్తుంది. అందుకే పాత్‌ను స్లాష్‌తో మొదలుపెట్టడం మేలు.

స్టెప్ 4: సిగ్నల్ లేనప్పుడు?

అసలు విషయం ఇదే. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడ్డ మనిషికి, బెలుం గుహల్లోకి దిగిన మనిషికి ఫుల్ సిగ్నల్ ఉంటుందని అనుకోకూడదు. బెలుం గుహలు 3 కిలోమీటర్లకు పైనే ఉన్నాయి. జావాస్క్రిప్ట్ సగంలో ఆగితే ఆయనకు కనిపించేది తెల్ల స్క్రీన్.

అందుకే లింక్‌లో అసలు హెచ్‌టీఎంఎల్ ఫైల్ అడ్రసే ఇవ్వండి. యాప్ నడుస్తుంటే జావాస్క్రిప్ట్ ఆ క్లిక్‌ను పట్టుకుని లోపలే చూపిస్తుంది. నడవకపోతే ఆ పేజీ మామూలుగా ఓపెన్ అవుతుంది. సర్వీస్ వర్కర్‌తో ముందే క్యాష్ చేస్తే నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. దీనికి సైట్ హెచ్‌టీటీపీఎస్‌లో ఉండాలి.

చివరగా, టెస్టింగ్ ఆఫీస్ వైఫైలో, ఖరీదైన ఫోన్‌లో మాత్రమే చేయకండి. ఇంట్లో మూలన పడున్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ తీయండి, పేజీలు క్యాష్ అయ్యాక ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి చూడండి. అందులో పేజీ చదవగలిగితే మీ యాప్ రెడీ అయినట్టే.