పాఠం 14: పసిపాపకు ఇంట్లో ఒక మూల - తక్కువ ఖర్చుతో అమరిక

గత పాఠంలో గర్భిణి తీసుకోవలసిన ఆహారం గురించి, కాన్పుకు ముందు చేయించుకోవలసిన పరీక్షల గురించి చదివారు. ఇప్పుడు ఇంటి వైపు చూద్దాం. పుట్టబోయే బిడ్డకు ఇంట్లో ఏ చోటు కేటాయించాలి? దాన్ని ఎలా సిద్ధం చేయాలి? చేతిలో ఉన్న కొద్ది డబ్బును ముందుగా దేనికి ఖర్చు పెట్టాలి?

పసిపిల్లల గది అనగానే పత్రికల్లోనూ టీవీలోనూ రంగురంగుల గోడలు, కొయ్య మంచం, మెత్తని బొమ్మల గుట్ట కనబడతాయి. మనలో చాలామంది ఇళ్ళలో బిడ్డకు వేరే గది మాట అటుంచి, అందరికీ కలిపి ఉన్నవి ఒకటో రెండో గదులే. ఈ పాఠం అటువంటి ఇళ్ళను దృష్టిలో పెట్టుకొని రాసినది. మీరు పడుకునే గదిలో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న మూల దొరికితే చాలు. కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డ తల్లి ఉన్న గదిలోనే పడుకోవాలని వైద్యులు చెబుతున్నారు. కాబట్టి వేరే గది లేకపోవడం లోటు కాదు.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- బిడ్డను పడుకోబెట్టడానికి తగిన చోటును ఎంచుకోగలుగుతారు.
- ఖర్చులో ఏది ముందు, ఏది వెనుక అన్నది నిర్ణయించగలుగుతారు.
- అలంకరణ వస్తువుల్లో ప్రమాదకరమైనవాటిని గుర్తించగలుగుతారు.

14.1 ఎప్పుడు మొదలుపెట్టాలి?

బిడ్డ పుట్టకముందే ఏదీ కొనకూడదని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అంటారు. పూర్వం కాన్పులో బిడ్డ దక్కకపోవడం తరచుగా జరిగేది. కొని దాచిన చిన్న చొక్కాను చూసి తల్లి మరింత కుమిలిపోతుందన్న జాలి ఆ మాట వెనుక ఉండి ఉండవచ్చు. దానిమీద అత్తగారితోనో అమ్మమ్మతోనో వాదించవలసిన పనిలేదు. గోడకు సున్నం కొట్టడం, కిటికీ బాగుచేయడం, దోమతెర చిరుగులు కుట్టడం, పాత నూలు చీరలు ఉతికి ఆరబెట్టడం - ఇవి బిడ్డ పేరు మీద చేసే కొనుగోళ్ళు కావు, ఇంటి పనులు. ఏడో నెల నిండేలోగా ఇవన్నీ పూర్తి చేసుకోవచ్చు. ఉయ్యాల, బొమ్మలు బారసాల వరకు ఆగినా నష్టం లేదు.

మరో విషయం కూడా ఆలోచించాలి. తొలి కాన్పు చాలావరకు పుట్టింట్లో జరుగుతుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డా అత్తవారింటికి వస్తారు. అంటే మూల ఒకటి కాదు, రెండు. పుట్టింట్లో సిద్ధం చేసేది కదలలేని బిడ్డ కోసం. అత్తవారింట్లో సిద్ధం చేసేది బోర్లపడబోయే, చేతికందినదాన్ని నోట్లో పెట్టుకునే బిడ్డ కోసం. ఈ రెండో మూలను చూసుకోవలసినది బిడ్డ తండ్రి. ఆయనకు దాదాపు నాలుగైదు నెలల సమయం ఉంటుంది. ఈ పాఠం చదువుతున్నది మీరే అయితే, ఇది మీ పని అని గుర్తుంచుకోండి.

14.2 చోటు ఎంపిక

గదిలో గాలి, వెలుతురు వచ్చే వైపు చూడండి. ఎండ నేరుగా బిడ్డ ముఖం మీద పడకూడదు. పొయ్యికి దూరంగా ఉండాలి. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో అయితే, పొగ ఎటు పోతోందో ఒకరోజు ఉదయం గమనించి ఆ తరువాతే చోటు నిర్ణయించండి. దోమల చుట్ట పొగ, బీడీ సిగరెట్ల పొగ, స్నానం తరువాత వేసే సాంబ్రాణి పొగ - పసిబిడ్డ ఊపిరితిత్తులకు ఇవన్నీ పొగలే. సాంబ్రాణి విషయంలో పెద్దవాళ్ళు నొచ్చుకోవచ్చు. జుట్టు ఆరడానికే అయితే మెత్తని పొడి తువ్వాలు సరిపోతుందని నెమ్మదిగా చెప్పి చూడండి. పొగ వేసి తీరాలంటే ఆ సమయంలో బిడ్డను వేరే గదిలో ఉంచండి.

తరువాత ఆ మూలలో నేలమీద మీరే వెల్లకిలా పడుకొని పైకి చూడండి. ఇది నవ్వులాట కాదు. నిలబడి చూసినప్పుడు కనబడనివి అప్పుడు కనబడతాయి: అద్దం బిగించిన పటం, వదులైన మేకు, గోడ గడియారం, అటక అంచున పెట్టిన ఇత్తడి బిందె, వేలాడే కరెంటు తీగ. తల పైన ఉన్న బరువులన్నీ అక్కడినుంచి తీసివేయాలి. కిరోసిన్ సీసా, మందులు, ఎలుకల మందు ఆ గదిలోనే ఉండకూడదు.

14.3 గోడలు, రంగులు

తక్కువ ఖర్చులో గోడకు సున్నాన్ని మించినది లేదు. కొద్దిగా నీలిమందు కలిపితే తెల్లదనం వస్తుంది, కొంచెం జిగురు కలిపితే బట్టలకు అంటుకోదు. రాతి సున్నం నీళ్ళలో వేసినప్పుడు మరిగినట్టు ఉడుకుతుంది. కంట్లో పడితే చూపు పోవచ్చు. గర్భిణి ఆ పని చేయకూడదు.

ఆయిల్ పెయింట్ వేసిన తలుపులు, ఇనుప మంచాలు ఉన్న ఇంట్లో మాత్రం మరింత జాగ్రత్త అవసరం. పాత రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, సీసం ఎక్కువగా కలిపేవారు. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నియమాలు 2016లో వచ్చాయి. 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. అంటే అంతకుముందు రంగు వేసిన తలుపును అనుమానించవలసిందే. సీసం బిడ్డ మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. ఒంట్లో ఇంతవరకు ఉంటే ఫరవాలేదు అని చెప్పగల హద్దు ఏదీ లేదు.

మరి ఏం చేయాలి? రంగు గట్టిగా అంటుకొని ఉంటే దాన్ని కదిలించకండి. గీకితే, పొడి గరుకు కాగితంతో రుద్దితే సీసం దుమ్ముగా గదంతా పరుచుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి, పైన సీసం లేదని డబ్బా మీద రాసి ఉన్న కొత్త రంగు వేయించండి. పెచ్చులూడుతున్న తలుపు ఉంటే తడుపుతూ పనివాళ్ళ చేత తీయించి, గది కడిగించేవరకు గర్భిణి, పిల్లలు అక్కడ ఉండకూడదు. పెచ్చులూడే పాత ఇనుప ఊయల ఎంత ముచ్చటగా ఉన్నా బిడ్డకు వాడవద్దు.

పాఠ్యగత ప్రశ్నలు 14.1
1. బిడ్డ పుట్టకముందే కొనడం ఇష్టంలేని ఇంట్లో ముందుగా ఏ పనులు చేసుకోవచ్చు? రెండు రాయండి.
2. పాత ఆయిల్ పెయింట్‌ను పొడిగా రుద్దడం ఎందుకు ప్రమాదం?

14.4 పడక, ఉయ్యాల

బిడ్డ పడక గట్టిగా, చదునుగా ఉండాలి. ఉతికిన పాత నూలు చీరలు నాలుగైదు మడతలు వేసి దగ్గర దగ్గరగా కుట్టిన బొంత దీనికి చక్కగా సరిపోతుంది. అంగడిలో దొరికే మెత్తని దూది పరుపుల్లో బిడ్డ ముఖం కూరుకుపోతుంది; డబ్బు పెట్టి ప్రమాదం కొనుక్కోవడమే. ఏడాది నిండేవరకు బిడ్డను వెల్లకిలానే నిద్రపుచ్చాలి. పక్కలో దిండ్లు, బొమ్మలు, వదులు దుప్పట్లు వద్దు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టే అలవాటు మీ ఇంట్లో ఉండవచ్చు. దాని బదులు, బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు మీరు దగ్గర కూర్చొని కాసేపు బోర్లా ఆడించండి. పడుకోబెట్టే దిక్కు అప్పుడప్పుడు మార్చండి.

చీర ఉయ్యాల మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నది. ఏడ్చే బిడ్డ అందులో ఇట్టే ఊరుకుంటుంది, తల్లికి వంట చేసుకునే వీలు దొరుకుతుంది. దాన్ని మానమని చెప్పడం లేదు. అయితే ఉయ్యాలలో బిడ్డ వీపు వంగి, గడ్డం రొమ్ముకు ఆనుతుంది. అలా ఎక్కువసేపు ఉంటే ఊపిరి ఆడదు. అందువల్ల మనిషి ఎదురుగా ఉన్నప్పుడే ఉయ్యాల వాడాలి. బిడ్డ నిద్రపోగానే తీసి బొంత మీద పడుకోబెట్టాలి. రాత్రి నిద్రకు అది పనికిరాదు. చీర రెండు అంచులు దగ్గరపడకుండా అడ్డంగా కర్ర పెట్టండి. కొక్కేన్ని పెద్దవాళ్ళు రెండు చేతులతో పట్టుకొని వేలాడి చూసి మరీ నమ్మాలి. ఉయ్యాల అడుగు నేలకు మూరెడు ఎత్తుకు మించకూడదు, కింద బొంత పరచాలి. బిడ్డ బోర్లపడడం మొదలుపెట్టిన రోజున ఉయ్యాలను విప్పి మడిచి పెట్టేయండి.

దోమతెర మీద ఖర్చుకు వెనుకాడవద్దు. తల్లీబిడ్డలిద్దరికీ కలిపి పెద్దది కొంటే రెండు మూడేళ్ళు పనికొస్తుంది. అంచులు పరుపు కిందికి దోపాలి. బిడ్డకు తగిలేటట్టు వదులుగా జారకూడదు.

14.5 పాప ఏం చూస్తుంది?

ఇక అలంకరణ. అప్పుడే పుట్టిన బిడ్డ చూపు స్పష్టంగా ఆనేది సుమారు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం వరకే. పాలు తాగేటప్పుడు తల్లి ముఖం ఉండే దూరం అది. ఎదురుగోడ మీద వేయించిన ఏనుగుల బొమ్మ బిడ్డకు మసకే. అది చూడవచ్చే చుట్టాల కోసం! లేత గులాబీ, లేత నీలం రంగుల కన్న నలుపు తెలుపుల తేడా పసికంటికి బాగా తెలుస్తుంది.

దీనికి మీ చేతిలో ఉన్న విద్యే చాలు. నల్లని అట్ట మీద తెల్ల సుద్దతో, లేదా తెల్ల అట్ట మీద బొగ్గుతో, ఒక చుక్కల ముగ్గు లావు గీతలతో వేయండి. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు జానెడు దూరంలో పట్టుకొని చూపించండి. రెండో నెల తరువాత బిడ్డ కళ్ళు కదిలేదాన్ని వెంబడిస్తాయి. అప్పుడు పాత జాకెట్ల ముక్కలతో గుడ్డ చిలకలు కుట్టి పైన వేలాడదీయవచ్చు. కళ్ళకు గుండీలు, పూసలు వద్దు, దారంతోనే కుట్టండి. నాలుగో నెలలో బిడ్డ చేతులు చాచడం మొదలుపెట్టగానే చిలకలను అందనంత ఎత్తుకు మార్చాలి, లేదా తీసివేయాలి. జానకన్న పొడవైన తాడు ఏదైనా బిడ్డ అందుకునేటట్టు ఉండకూడదు. మెడలో తాయెత్తు ఉంటే పడుకునేముందు తీయండి.

బొమ్మ కొనాలనిపిస్తే ఏటికొప్పాక లక్క గిలక మంచిది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరిలో అంకుడు కర్రను తరిణె పట్టి, విత్తనాలు, వేళ్ళు, బెరళ్ళ నుంచి తీసిన రంగులు లక్కలో కలిపి అద్దుతారు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయన రంగులు వేసినవి కూడా సంతల్లో ఉంటాయి కనుక అడిగి కొనండి. కొండపల్లి బొమ్మలు అందమైనవే, కాని అవి పొణికి చెక్కతో చేసి రంగు వేసినవి. నోట్లో పెట్టుకోవడానికి కావు, గూట్లో పెట్టండి. ప్లాస్టిక్ బొమ్మ అయితే ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి, 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టండి. అందులోంచి దూరిపోయే వస్తువు ఏదైనా బిడ్డ గొంతుకు అడ్డుపడగలదు.

14.6 లెక్క

ఒక కుటుంబం దగ్గర 2,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. ఈ అంకెలు ఉదాహరణకే. మీ ఊరి ధరలు వేసుకొని మళ్ళీ లెక్క చేయండి.

పెద్ద దోమతెర 450
సున్నం, కుంచె 350
బొంత పై కప్పుకు నూలు గుడ్డ 250
కొక్కెం, తాడు, కర్ర 200
రబ్బరు షీటు 150
లక్క గిలక 150
మొత్తం 1,550

మిగిలిన 450 రూపాయలతో గోడకు అంటించే బొమ్మలు కొనాలనిపిస్తుంది. కొనవద్దు. బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి ఆటోకు, మందులకు అవి ఉండాలి. డబ్బు 1,000 రూపాయలే ఉంటే దోమతెర, సున్నం ఉంచుకొని మిగతావి పాతవాటితో సరిపెట్టండి.

పాఠ్యగత ప్రశ్నలు 14.2
1. చీర ఉయ్యాలను ఎప్పుడు మానివేయాలి?
2. గుడ్డ చిలకకు గుండీ కళ్ళు ఎందుకు పెట్టకూడదు?
3. పై లెక్కలో దోమతెర 600 రూపాయలైతే, మరే ఖర్చూ తగ్గించకుండా ఎంత మిగులుతుంది?

చేసి చూడండి

మీ ఇంట్లో గాని, పసిబిడ్డ ఉన్న పొరుగింట్లో గాని అడిగి, పడక ఉన్న మూలలో వెల్లకిలా పడుకొని చూడండి. కనబడిన వస్తువుల్లో మార్చవలసినవి నోటు పుస్తకంలో రాసి, మీ అధ్యయన కేంద్రంలో తదుపరి తరగతికి తీసుకురండి.

జవాబులు

14.1
1. సున్నం కొట్టడం, కిటికీ బాగుచేయడం, దోమతెర కుట్టడం, పాత చీరలు ఉతకడం - వీటిలో ఏవైనా రెండు.
2. సీసం దుమ్ముగా మారి గదిలో పరుచుకుంటుంది; ఊపిరి ద్వారా, చేతుల ద్వారా తల్లి, బిడ్డల ఒంట్లోకి చేరుతుంది.

14.2
1. బిడ్డ బోర్లపడడం మొదలుపెట్టగానే.
2. ఊడివస్తే బిడ్డ గొంతుకు అడ్డుపడవచ్చు.
3. 300 రూపాయలు.