షెల్టరు పెడతానంటున్న మేనకోడలికి

కడప

అమ్మీ,

నీ జాబు అందింది. ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీ పట్టా చేతికొచ్చిందని చదివి కండ్లు చెమర్చినాయి. 2008లో ఆ కాలేజీ పెట్టినప్పుడు మన ఇంటి పిల్ల అందులో చదువుతుందని ఎవరనుకున్నారు! డోన్ రోడ్డులో మీ తాత ఇచ్చిన రెండెకరాల్లో కుక్కలకు షెల్టరు కడతానని, వచ్చిన ఏ ప్రాణినీ కాదనేది లేదని రాసినావు. ఆ చివరి మాట దగ్గరే నాకు దిగులు పట్టుకుంది. అందుకే ఇంత పొడుగు జాబు.

ఏ ప్రాణినీ కాదనని షెల్టరు ఉందని ఊరికి తెలియడానికి వారం చాలు. తెల్లారి గేటు తీసేసరికి గోనెసంచి ఉంటుంది. విప్పితే కండ్లు తెరవని కూనలు, చాలా వరకు ఆడవే. మగకూననైతే ఎవరో ఒకరు పెంచుకుంటారు, ఆడదైతే రేపు పిల్లలు పెడుతుందని సంచికెత్తుతారు. ఆ కూనలకు రెండు మూడు గంటలకొకసారి పాలు పట్టాలి, రాత్రిళ్లు కూడా. పట్టినాక గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో పొత్తికడుపు కింద మెల్లగా తుడవాలి, లేకుంటే వాటికి ఉచ్చ పోయడం కూడా రాదు. తల్లి నాలుకతో చేసే పని అది. ఇంత చేసినా సగం కూనలు నీ చేతుల్లోనే పోతాయి.

సంచుల తర్వాత కార్లు వస్తాయి. లాక్‌డౌన్‌లో ముచ్చటపడి కొన్న లాబ్రడార్లు, మే నెల కర్నూలు ఎండలో నాలుక వేలాడేసే హస్కీలు. బదిలీ అయిందంటారు, బిడ్డకు తుమ్ములొస్తున్నాయంటారు. ఆకలిదప్పులకు మాడేలా పెంపుడు జంతువును వదిలేయడం 1960 జంతుహింస నివారణ చట్టం కింద నేరమే. కానీ గట్టిగా మాట్లాడితే, రాత్రికి ఏ ఘాటు రోడ్డులోనో దించి పోతారు. కాబట్టి కోపం దిగమింగుకొని, ఆ కుక్కకు వేరే ఇల్లు దొరికేదాకా వాళ్లింట్లోనే ఉంచుకునేలా ఒప్పించడం నేర్చుకో. పదిమందిలో నలుగురు ఒప్పుకున్నా నీకు నాలుగు గదులు మిగిలినట్టే.

ముప్పై కుక్కలకు కట్టిన చోట తొంభై చేరితే ఏమవుతుందో పుస్తకాల్లో చదివే ఉంటావు, కంటితో చూస్తే వేరు. అన్నం పెట్టేటప్పుడు బలహీనమైనది గోడకు అతుక్కొని నిలబడుతుంది. ఒక్క కూనకు పార్వో అంటితే వారంలో వరస మొత్తం నెత్తుటి విరేచనాలే. దయతో తీసుకున్నవాటిని ఇరుకులో పెట్టి చంపుకుంటాం.

అందుకే చెప్తాండా, షెల్టరు కంటే ముందు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గది కట్టు. ఆడకుక్క ఆరేడు నెలలకే ఎదకొస్తుంది, రెండు నెలల్లో పిల్లలు పెడుతుంది. కోల్‌కతా ఐసర్ పరిశోధకులు వీధికుక్కల కూనలను వెంబడించి చూసి 2016లో ప్రకటించిన లెక్క ప్రకారం, పెద్దయ్యేదాకా బతికినవి నూటికి 19 మాత్రమే. తక్కినవాటిలో ఎక్కువ భాగం మనుషుల వల్లే చనిపోయినాయి. పుట్టించి చంపుకునే బదులు పుట్టకుండా చూడడమే వాటికి మనం చేయగల మేలు. మద్రాసు కార్పొరేషన్ వందేళ్లకు పైగా కుక్కలను చంపుతూ వచ్చింది, వీధులు ఖాళీ కాలేదు. జంతువుల కోసం పనిచేసే బ్లూక్రాస్ వాళ్లు ఏండ్ల తరబడి పోరితే 1996లో ఆపరేషన్ల దారికి వచ్చింది.

ఆపరేషన్ దినం ఎట్లుండాలంటే, తెల్లవారుజామునే వలతో పట్టాలి. పట్టిన వెంటనే కడుపు కింద చూడు. చన్నులు సాగి, నొక్కితే పాలొస్తే వదిలెయ్యి. దాని కూనలు ఏ కల్వర్టు కిందో ఎదురుచూస్తుంటాయి. ఏ వీధిలో, ఏ అంగడి ముందర పట్టినారో చీటీ మీద రాసి మెడకు కట్టు. కుట్లు మానినాక అదే అంగడి ముందర దించాలి, పక్క వీధిలో దించితే అక్కడి కుక్కలు చీలుస్తాయి. రేబిస్ టీకా వేయించి చెవికి గాటు పెట్టడం మరువద్దు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు కూడా ఇవే చెప్తున్నాయి.

కుక్కలను ఊరి బయట బీళ్లలో వదిలేద్దామని సలహా ఇచ్చే పెద్దమనుషులుంటారు. వాళ్లకు రోళ్లపాడు పేరు చెప్పు. 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేసిన బీడు అది. నేల మీద గుడ్లు పెట్టే పిట్టలకు, జింకపిల్లలకు ఊరకుక్క యముడే.

సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న వీధికుక్కలకు ఆపరేషన్ చేసి పట్టిన చోటే వదలమన్నది. నవంబరు 7న మాత్రం బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి పట్టిన వాటిని తిరిగి అక్కడ వదలొద్దు, షెల్టర్లలో పెట్టమన్నది. మున్సిపాలిటీ వాళ్లు రేపు నీ గేటు తట్టవచ్చు. ఎన్నింటికి చోటుందో, తిండి ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోకుండా ఒక్కదాన్ని కూడా దించుకోవద్దు. కుక్క కరిచిన బిడ్డతో ఆస్పత్రి నుంచి వచ్చిన తల్లి భయం కూడా న్యాయమైనదే, ఆమెతో వాదానికి దిగవద్దు.

పొద్దున పని కూనల గదితో మొదలుపెట్టి, రోగం గదితో ముగించు. రోగం గదికి చీపురు, చెప్పులు వేరే. పిచ్చిపట్టిందని అనుమానమున్న దాన్ని ఒంటరిగా ఉంచాలి, పిచ్చి నిజమైతే పది దినాల్లోపే పోతుంది. జాలిపడి దాని దగ్గరికి చేయి చాచవద్దు. నువ్వూ, నీ పనివాళ్లూ ముందుగా రేబిస్ టీకా వేయించుకోండి. కాటు పడితే పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, ఆ దినమే ఆస్పత్రికి పోవాలి.

నేల మీద కడప బండలు పరుస్తానన్నావు. కడగడానికి సులువే, కానీ నల్లబండ ఏప్రిల్‌లో కాళ్లు మాడుస్తుంది. ఎండ తగిలే చోట సున్నపు గచ్చు వేయించు. ముందు బోరు సంగతి చూడు, అమ్మీ. ఎండాకాలంలో కుక్కకు తాగడానికే రోజుకు రెండు లీటర్లు కావాలి, గదులు కడగడానికి ఎన్నో ఇంతలు.

పండక్కు వచ్చేటప్పుడు ఆ బోరు మే నెలలో ఎన్ని గంటలు పోస్తుందో మీ నాయనను అడిగి రాసుకొని రా. అరవై గదులు కట్టాలో, పన్నెండు గదులూ ఒక ఆపరేషన్ బల్లా చాలో కూర్చొని లెక్క వేద్దాం. నా ఓటు పన్నెండుకే.

ఆశీస్సులతో
మీ అత్త