సన్నాయా, డీజేనా? సందేహాలు - సమాధానాలు

పెళ్ళిళ్ళకు మేళాలు, డీజేలు కుదిర్చిపెట్టే నిపుణుడి జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి పెళ్ళి మాఘంలో. పిల్లలు డీజే పెట్టాల్సిందే అంటున్నారు. మా మామగారేమో సన్నాయి లేకపోతే అది పెళ్ళేనా అంటున్నారు. రెండింటికీ డబ్బు చాలదు. ఎవరి మాట కాదన్నా గొడవే. నిద్ర పట్టడం లేదు.
- ఓ తల్లి, తణుకు

జవాబు: కంగారుపడకండమ్మా, నాకు ఎక్కువగా వచ్చే ఉత్తరం ఇదే. జీలకర్ర-బెల్లం పెట్టించేటప్పుడు, తాళి కట్టించేటప్పుడు పంతులుగారు చెయ్యెత్తగానే గట్టిమేళం అందుకోవాలి. అది ఆయన్నే చూస్తూ కూర్చున్న డోలు విద్వాంసుడికే కుదురుతుంది, డీజేకి పని ఉండేది సంగీత్ రాత్రి. అందుకని ముహూర్తానికి ఒక సన్నాయి, ఒక డోలు, శ్రుతి, తాళంతో చిన్న మేళం మాట్లాడుకోండి. సంగీత్‌కి రెండు స్పీకర్లు అద్దెకు తెచ్చి, పాటల వరస పిల్లల్నే రాసుకోమనండి. ‘మేళం, డీజే, లైట్లు అన్నీ నాకొదిలేయండి’ అంటూ ఒకే ధర చెప్పి, వాయించడానికి ఎవరొస్తారో చెప్పనివాళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త.

ప్రశ్న: మేము కుదుర్చుకున్న నాదస్వర విద్వాంసులు ముస్లింలు. వాయిద్యం విని ముచ్చటపడి అడ్వాన్సు ఇచ్చాం. ఇప్పుడు వియ్యాలవారి తరపు పెద్దాయన ‘మంగళవాద్యం వాళ్ళ చేతా?’ అన్నారట. వద్దని చెప్పడానికి నోరు రావడం లేదు, ఉంచుకుంటే పెళ్ళిలో మాటొస్తుందేమోనని భయం.
- పెళ్ళికూతురి తండ్రి, చీరాల

జవాబు: మీరు తప్పేమీ చేయలేదు, వాళ్ళను వద్దనకండి. తెలుగునాట నాదస్వరాన్ని తరతరాలుగా నిలబెట్టినవాళ్ళలో ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా 1977లో పద్మశ్రీ అందుకున్నారు, 2020లో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు అదే గౌరవం దక్కింది. పెద్దాయనతో వాదించకుండా, మీ విద్వాంసుల వాయిద్యం ఒకటి ఫోనులో వినిపించండి. మేళం గురించి నిజంగా చూసుకోవాల్సింది రెండే: శ్రుతి కలుస్తోందా, ముహూర్తానికి ముందే వచ్చి కూర్చుంటారా.

ప్రశ్న: ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు పడింది. పది దాటితే చప్పుడు చేయకూడదట కదా? ఫంక్షన్ హాలు చుట్టూ ఇళ్ళే. తాళి కట్టేవేళకు ఎవరైనా వచ్చి మేళం ఆపించేస్తే?
- పెద్దన్నయ్య, అమలాపురం

జవాబు: హాలు లోపల వాయించేటట్టయితే ఆ భయం పెట్టుకోకండి. శబ్ద కాలుష్యంపై 2000లో వచ్చిన నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లనూ వాయిద్యాలనూ కట్టడి చేస్తాయి గానీ, నాలుగు గోడల మధ్య ఉండే హాళ్ళలో లోపలివాళ్ళకు వినిపించడానికి మినహాయింపు ఉంది. నాదస్వరానికి అసలు మైకు అక్కర్లేదు. అది తీయించేసి వీధివైపు తలుపులూ కిటికీలూ మూయించండి, చుట్టుపక్కల ఇళ్ళకు శుభలేఖ ఇచ్చి ఒక మాట చెప్పి రండి. పందిరి ఆరుబయట వేస్తున్నారంటే మాత్రం ముందుగానే పోలీసుస్టేషన్‌కి వెళ్ళి మాట్లాడుకోవాల్సిందే.

ప్రశ్న: మా తమ్ముని బరాత్ ఉంది. మొన్న పక్క గల్లీల పోలీసులు డీజే బండిని పట్టుకపోయిన్రు. పెండ్లికొడుకు ముందట గట్ల జరిగితే ఇజ్జత్ ఏం గావాలె?
- పెండ్లికొడుకు అక్క, వరంగల్

జవాబు: మీ భయం నాకు అర్థమైంది, కానీ బరాత్‌కి అనుమతి అడగడం స్టేషన్లో రోజూ ఉండే పనే. తేదీ, దారి, మొదలయ్యే వేళ, ముగిసే వేళ రాసివ్వండి. సాయంత్రమే బయల్దేరి రాత్రి 10 లోపే ఇల్లు చేరేలా చూసుకోండి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం, అక్కడ వాయిద్యాలు ఆపి నడవాలి. ‘పర్మిషన్ నేను చూసుకుంటా అక్కా’ అని డీజే అంటే, ఆ కాగితం మీ కళ్ళతో చూసేదాకా నమ్మకండి. ఊళ్ళో మంచి డప్పుల జట్టో మర్ఫా జట్టో ఉంటే తీన్మార్‌కి బండెడు స్పీకర్లు అక్కర్లేదు, వాళ్ళకీ వేళ మాత్రం అదే.

ప్రశ్న: సంగీత్‌లో సినిమా పాటలు వేయాలంటే హక్కుల సంస్థల దగ్గర లైసెన్సు తీసుకోవాలని, లేకపోతే కేసవుతుందని హోటల్ వాళ్ళు అంటున్నారు. కూతురి పెళ్ళి నాడు కేసేమిటని గుండె దడగా ఉంది.
- ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: స్థిమితపడండి, చట్టం మీవైపే ఉంది. పెళ్ళి ఊరేగింపులోనూ పెళ్ళికి సంబంధించిన వేడుకల్లోనూ పాటలు వేసుకోవడం ఉల్లంఘన కాదని 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం ఇదే మాట స్పష్టం చేస్తూ నోటీసు కూడా ఇచ్చింది, దాన్ని ప్రింటు తీసి మేనేజరుకు చూపించండి. టికెట్లు అమ్మే కార్యక్రమమో, కంపెనీ పార్టీయో అయితే లెక్క వేరు.

ప్రశ్న: మా మరిది సంగీత్‌లో స్పీకరు పక్కనే నిలబడి ఆడాను. రాత్రి నుంచి చెవిలో ఒకటే గుయ్యిమంటోంది. చెవి పోయిందా? రిసెప్షన్‌కి తొమ్మిది నెలల పాపను తీసుకెళ్ళాలంటే భయంగా ఉంది.
- ఓ కోడలు, గుంటూరు

జవాబు: పెద్ద చప్పుడు తర్వాత ఇలా గుయ్యిమనడం చాలామందికి ఉండేదే, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. 85 డెసిబెల్స్ మోతను 8 గంటలు తట్టుకునే చెవికి 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే హద్దు, కాబట్టి ఈసారి స్పీకర్లకు దూరంగా, మధ్యమధ్య బయటికొస్తూ ఆడండి. పాపను భోజనాల వైపే ఉంచి, పసిపిల్లల ఇయర్‌మఫ్‌లు పెట్టండి, చెవిలో దూది చాలదు. ఆ హోరు రెండు రోజులు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే ఆ రోజే వెళ్ళండి.

ప్రశ్న: ఇక్కడ నాదస్వరం వాయించేవాళ్ళు దొరకలేదు. డీజే ఉత్తరాది అబ్బాయి, గట్టిమేళం అంటే ఏమిటో తెలీదు. సరిగ్గా తాళి కట్టేటప్పుడు హాలంతా నిశ్శబ్దంగా ఉండిపోతుందేమోనని బెంగ.
- పెళ్ళికూతురు, డాలస్

జవాబు: అలా జరగకుండా చూసుకోవచ్చమ్మా. ముందు మీ ఊరి గుళ్ళో అడగండి, ఉత్సవాలకు వచ్చే వాద్యకారులు వాళ్ళకు తెలిసుండొచ్చు. ఎవరూ దొరక్కపోతే, గట్టిమేళం ముక్కను మొదట్లో ఖాళీ లేకుండా కత్తిరించి విడి ఫైలుగా డీజేకి ఇవ్వండి. మీ మేనత్తనో పిన్నినో పంతులుగారు కనబడేలా అతని పక్కన నిలబెట్టండి, ఆయన చెయ్యి లేవగానే డీజే భుజం తట్టడమే ఆవిడ పని. ‘ఇంటర్నెట్‌లో అప్పటికప్పుడు వేస్తా’ అంటే మాత్రం ఒప్పుకోవద్దు, తలంబ్రాల మధ్యలో ఏ సబ్బు ప్రకటనో మోగుతుంది.

ప్రశ్న: రిసెప్షన్‌కి ఆర్కెస్ట్రా, తర్వాత డీజే. ఇద్దరికీ అడ్వాన్సు నోటిమాట మీదే ఇచ్చేశాం, కాగితం ఏమీ లేదు. మోసపోయామా?
- పెళ్ళికొడుకు మేనమామ, విజయనగరం

జవాబు: ఈ వృత్తిలో నోటిమాట బేరాలు మామూలే, అంతమాత్రాన మోసమని అనుకోకండి. ఇవాళే ఇద్దరికీ వాట్సాప్‌లో తేదీ, వేళలు, వచ్చే మనుషులెందరు, ఇచ్చిన అడ్వాన్సు, వేళ దాటితే గంటకెంత అన్నీ రాసి ‘సరే’ అని జవాబు తీసుకోండి. కరెంటు పోతే హాలు జనరేటరు ఈ సౌండుకు సరిపోతుందో లేదో హాలువాళ్ళనే అడగండి, వాయించేవాళ్ళకు భోజనం ఎన్నింటికో వంటవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. ఆ సందేశానికి రోజుల తరబడి జవాబు రాకపోయినా, పెళ్ళికి ముందే మొత్తం డబ్బు ఇచ్చేయమన్నా అనుమానించాల్సిందే, అప్పుడు వేరేవాళ్ళను వెతుక్కోండి.