బుట్టలోని చుట్టరికం

మచిలీపట్నం, చిలకలపూడి ప్రాంతపు అంగళ్లలో బొచ్చె, రొయ్య పక్కపక్కనే కనిపిస్తాయి. రెండూ నీటి ప్రాణులే కనుక దగ్గరి చుట్టాలని తోస్తుంది. జీవశాస్త్రం అందుకు అంగీకరించదు.

జంతుదేహ వర్ణనకు ‘పైన’, ‘కింద’ అనే మాటలు చాలవు. చేపకు కిందనున్న పొట్ట, నిలబడిన మనిషికి ముందుంటుంది. అందుచేత తలవైపును పూర్వభాగమనీ, తోకవైపును పరభాగమనీ, వీపును పృష్ఠతలమనీ, పొట్టవైపును ఉదరతలమనీ వ్యవహరిస్తారు.

ఇక రొయ్యను పరిశీలించండి. వండబోయే ముందు వీపు చీల్చి తీసివేసే నల్లని దారం నరం కాదు, పేగు! అసలు నాడీదండం ఉదరతలాన ఉంటుంది. గుండె పృష్ఠతలాన ఉంటుంది. బొచ్చెలో ఇది తారుమారు. వెన్నుపాము పృష్ఠతలాన, గుండె ఉదరతలాన అమరి ఉంటాయి. మనలోనూ అంతే.

లాబ్‌స్టర్ అనే సముద్రజీవిని వెల్లకిలా తిప్పి చూస్తే వెన్నెముక గల జంతువుల అమరికే గోచరిస్తుందని 1822లో ఫ్రెంచి శాస్త్రవేత్త జెఫ్రాయ్ సెంట్‌హిలేర్ ప్రతిపాదించాడు. ఆనాడు వింతగా తోచిన ఆ ఊహకు 1990లలో జన్యుపరిశోధనలు బలం చేకూర్చాయి.

పరిణామ వర్గీకరణకు ఆధారం నివాసం కాదు, ఉమ్మడి పూర్వికుడు. ఆ లెక్కన రొయ్యకు పీత దగ్గరి బంధువు; ఆ తరువాత చీమ, ఈగ. బొచ్చెకో? పక్కనున్న రొయ్యకన్నా, బేరమాడుతున్న మనిషే దగ్గరి చుట్టం.